మినీ ప్లేయర్ మునిగింది: పాటల యాప్ రూపం మార్చిన ఎనిమిది నెలలు

2025 జనవరి 11, శనివారం. మా పాటల యాప్ టార్గెట్ ఎస్‌డీకేని, అంటే యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ కోసం కట్టామో చెప్పే నంబరుని, 34 నుంచి 35కి మార్చి, ఆండ్రాయిడ్ 15 ఉన్న ఫోన్‌లో ఎక్కించి చూస్తే, నడుస్తున్న పాటని అడుగున చిన్న పట్టీలో చూపే మినీ ప్లేయర్ సగం మునిగిపోయింది. పాట పేరు కనిపిస్తోంది. ప్లే బటన్ మాత్రం ఫోన్ అడుగున ఉండే గీత కిందికి జారింది. దాన్ని నొక్కబోయి వేలు కాస్త పైకి జరిగిందంటే పాట ఆగదు, యాప్ మాయమై హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది.

35కి వెళ్తే స్క్రీన్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకోవడం తప్పనిసరి. పైన స్టేటస్ బార్, కింద నావిగేషన్ బార్ వెనక్కి కూడా మన స్క్రీనే వెళ్తుంది, వాటికి చోటు మనమే వదలాలి. థీమ్‌లో ఒక్క లైను రాసి ఈ గొడవను వాయిదా వేయొచ్చు గానీ 36కి వెళ్లాక ఆ లైను చెల్లదు. ఆ ఏడాది ఆగస్టు 31 దాటితే 35 లేని అప్‌డేట్‌ని ప్లే స్టోరు తీసుకోదని నియమం. మా దగ్గర 2018లో పాత పద్ధతిలో, ఎక్స్‌ఎంఎల్‌తో కట్టిన స్క్రీన్లు పదకొండు ఉన్నాయి. ఒక్కోదానికీ అతుకు వేసుకుంటూ పోదామా, అన్నీ విప్పి, స్క్రీన్లు కట్టడానికి గూగుల్ ఇచ్చిన కొత్త పద్ధతి జెట్‌ప్యాక్ కంపోజ్‌లో మళ్లీ కడదామా అని ఈ యాప్ చేసే ఇద్దరం రెండు రోజులు తర్జనభర్జన పడి, మళ్లీ కట్టడానికే ఒప్పుకున్నాం. మూడు నెలల పని అనుకున్నాం. ఎనిమిది పట్టింది.

ఇది నెట్‌తో పని లేకుండా ఫోన్‌లోనో, మెమరీ కార్డులోనో ఉన్న పాటలు వినే యాప్. ఎక్కువమంది తెలుగు పాటలే వింటారు. కింద రాసిన ఇబ్బందుల్లో సగం అందువల్ల వచ్చినవే.

ఆరుగురి పక్కన కూర్చున్న రెండు వారాలు

జనవరి 18 నుంచి ఫిబ్రవరి 2 దాకా విజయవాడలో మా యాప్ వాడే ఆరుగురి పక్కన, ఒక్కొక్కరి దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఒక ఆటో డ్రైవరు, టైలరింగ్ షాపు నడిపే ఆవిడ, 64 జీబీ కార్డు నిండా కీర్తనలు పెట్టుకున్న రిటైర్డ్ టీచరు, టిఫిన్ సెంటర్ ఆయన, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. ఖర్చు టీలు, ఒక పూట ఇడ్లీ. ఏమీ అడగకుండా, "మామూలుగా ఎలా వింటారో అలా వినండి" అని చెప్పి వేళ్లు ఎటు వెళ్తున్నాయో చూడటమే మా పని.

పాటల్ని రకాలుగా విడదీసి చూపే జానర్ ట్యాబ్‌ని ఆరుగురిలో ఒక్కరూ తెరవలేదు. ఆర్టిస్ట్ ట్యాబ్ ఒకరు పొరపాటున తెరిచి వెంటనే వెనక్కి వచ్చారు. నలుగురు తిన్నగా ఫోల్డర్లలోకి వెళ్లారు. కార్డులో పాటలు ఎక్కించిన షాపువాళ్లు సినిమాకో ఫోల్డర్ పెట్టి ఇచ్చారు, వాళ్లకి అదే వరస గుర్తు. ఈక్వలైజర్‌ని డిగ్రీ అబ్బాయిలు తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

డ్రైవరుగారైతే మా యాప్‌ని అసలు తెరవనే లేదు. "లోపలికెళ్లి చూసేదేముందండీ, పైనుంచి కిందికి లాగితే అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా" అన్నారు. ఆయన దృష్టిలో మా యాప్ అంటే నోటిఫికేషనే. ఆ రోజు ఇంటికొచ్చాక కాస్త దిగులేసింది. నడుస్తున్న పాటని నిండుగా చూపే, మేం అందంగా తీర్చిదిద్దాలనుకుంటున్న నౌ ప్లేయింగ్ స్క్రీన్ ఆయన రోజులో ఎక్కడా లేదు. నోటిఫికేషన్ రూపమేమో మా చేతిలో లేదు.

డిజైన్: ఫిగ్మాలో ముద్దొచ్చింది, ఫోన్‌లో మింగుడుపడలేదు

ఫిబ్రవరి 10న ఒక ఫ్రీలాన్స్ డిజైనర్‌తో 32,000 రూపాయలకి మాట్లాడుకున్నాం: ఎనిమిది స్క్రీన్లు, లైట్, డార్క్ రెండు థీమ్‌లు, రెండుసార్లు దిద్దుబాట్లు. ఐకాన్లకి ఖర్చు కాలేదు, గూగుల్ ఇచ్చే మెటీరియల్ సింబల్స్ ఉచితమే. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన మొదటి బొమ్మలు 17 రోజులకి వచ్చాయి. చూడగానే ముద్దొచ్చాయి. అన్నింట్లోనూ పాట పేరు ఇంగ్లిష్‌లో, రెండే రెండు పొట్టి మాటలు. కవర్ బొమ్మలన్నీ చతురస్రంగా, తళతళలాడుతూ ఉన్నాయి.

మేం చేసిన మొదటి తప్పు ఇదే. డిజైనర్‌కి మా అసలు పాటల జాబితా ఇవ్వకపోవడం. మీరు ఇలాంటి పని చేయిస్తుంటే మొదటి రోజే ఒక ఇరవై నిజమైన పేర్లు చేతిలో పెట్టండి. వాటిలో రాష్ట్రం, శాస్త్రి, స్వాతంత్ర్యం, కృష్ణ, జ్ఞాన అన్న మాటలు ఉండేలా చూడండి. నలభై అక్షరాలు దాటిన పేర్లు ఓ అయిదు, కవర్ బొమ్మ లేని పాటలు ఓ పది, వెబ్‌సైటు పేరు అంటించుకుని వచ్చిన ఫైళ్లు ఓ మూడు కలపండి.

ఎందుకంటే, గూగుల్ డిజైన్ పద్ధతి మెటీరియల్ 3లో మామూలు బాడీ అక్షరం సైజు 14 ఎస్పీ (అక్షరాల కొలత), లైను ఎత్తు 20 ఎస్పీ. ఇంగ్లిష్‌కి బోలెడంత చోటు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, వత్తు కింద మళ్లీ వత్తు. "స్వాతంత్ర్యం" అని 20 ఎస్పీ ఎత్తున్న గడిలో రాస్తే అడుగున ఉన్న యావత్తు సగానికి తెగిపోయింది. కంపోజ్ 1.6 నుంచి అక్షరం చుట్టూ ఇచ్చే ఫాంట్ ప్యాడింగ్ మనం అడగకపోతే రాదు. పాత ఎక్స్‌ఎంఎల్‌లో అది ఊరికే వచ్చేది కాబట్టి ఈ జబ్బు మాకు ఏడేళ్లలో ఎప్పుడూ కనబడలేదు.

చివరికి నిలబడిన లెక్క ఇది. జాబితాలో పాట పేరు 16 ఎస్పీ, లైను ఎత్తు 26. దాని కింద సినిమా పేరు 14 ఎస్పీ, లైను ఎత్తు 23. వరసకి కచ్చితమైన ఎత్తు పెట్టకుండా కనీసం 72 డీపీ (స్క్రీన్ మీద దూరాల కొలత) అని వదిలేశాం, అక్షరాలు పెద్దవైతే వరసే పెరుగుతుంది. లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, అంతటా సున్నా. మెటీరియల్ బాడీ స్టైళ్లలో అది కొంచెం ఉంటుంది, తెలుగులో మాట మధ్య పళ్లు ఊడినట్టు కనిపిస్తుంది. పాట పేరు మీడియం మందం, సినిమా పేరు మామూలు మందం అని డిజైనర్ గీసిన తేడా మా దగ్గరున్న పాత ఫోన్లో కనబడలేదు. ఆ ఫోన్ తెలుగు ఫాంట్‌లో మామూలు, బోల్డ్ రెండే ఉన్నాయి. మందం మీద ఆశ వదులుకుని రంగుతో తేడా చూపించాం.

దిద్దిన బొమ్మలు మార్చి 14న వచ్చాయి. ఒప్పందంలో లేని మూడో దిద్దుబాటుకి ఇంకో 4,000 ఇచ్చాం. తప్పు మాదే కాబట్టి బేరమాడలేదు.

కవర్ బొమ్మలోంచి రంగు లాగడం

కవర్‌లో ఉన్న రంగే స్క్రీన్ వెనక పరచాలని డిజైన్. దానికి ప్యాలెట్ లైబ్రరీ ఉంది. బొమ్మని సుమారు 112 బై 112కి కుదించి, అందులోంచి ఎక్కువలో ఎక్కువ 16 రంగులు తీస్తుంది. పని సులువే, బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో పెడితే చాలు. చిక్కంతా మన సినిమా పోస్టర్లతో. పసుపు, నారింజ, మెరిసే ఎరుపు. పసుపు మీద తెల్లని అక్షరాలు పడితే ఎండలో ఏమీ కనిపించదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) ఉండాలని నియమం. కొలిచిన వాటిలో చాలా కవర్లు 2 దగ్గరే ఆగిపోయాయి.

మొదట అక్షరాల వెనక నల్లటి పొర వేశాం. కాంట్రాస్ట్ వచ్చింది, అందం పోయింది, ప్రతి కవరూ బురదలో ముంచినట్టు తయారైంది. తర్వాత కవర్ నుంచి రంగు జాతిని మాత్రమే తీసుకుని, వెలుగు ఎంతుండాలో మేమే నిర్ణయించాం: డార్క్‌లో ముదురు, లైట్‌లో లేత. పసుపు పోస్టర్‌కి ముదురు గోధుమ వస్తుంది. అక్షరాలు ఎప్పుడూ చదవొచ్చు.

కవరే లేని పాటలు ఇంకో కథ. ఆ టీచరుగారి కార్డులో దాదాపు ఏ కీర్తనకీ బొమ్మ లేదు. అందరికీ ఒకే సంగీత గుర్తు పెడితే జాబితా గోడకి ఇటుకల్లా ఉంది. పేరులో మొదటి అక్షరం పెద్దగా వేద్దామనుకున్నాం. "శ్రీ"తో మొదలయ్యే పేర్లన్నీ "శ" అని వచ్చాయి. కంప్యూటర్ లెక్కలో శ్రీ అంటే నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. అక్షరాలను సరిగ్గా విడదీసే ఐసీయూ బ్రేక్ ఇటరేటర్ అనే కోడ్ పెడితే కొత్త ఫోన్లో "శ్రీ" వచ్చింది, పాత ఫోన్లో "శ్" దగ్గరే ఆగింది. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం కంప్యూటర్లో అన్ని లిపులకీ ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1తోనే చేరింది. అంతకుముందు ఫోన్లకి అది తెలియదు. ముక్క పొల్లుతో ముగిసి, దాని పక్కన హల్లు ఉంటే ఆ రెంటినీ కలపమని పది లైన్లు మేమే రాసుకున్నాం.

ఒక పొల్లు వల్ల పోయిన పది రోజులు

ఏప్రిల్ చివర్లో అసలు కార్డులు పెట్టి చూస్తే కొన్ని పాటల పేర్లు గీత పెట్టిన ఇంగ్లిష్ 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఏ', ఇలా బారెడు పొడవున వచ్చాయి. పాత డిజైన్‌లో పేరు చిన్నగా ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. కొత్త డిజైన్‌లో 24 ఎస్పీలో, స్క్రీన్ నడిమధ్యన! రూపం మారిస్తే లోపలి చెత్త ఎంత పైకి వస్తుందో అప్పుడు తెలిసింది.

కారణం ఇదీ. ఎంపీ3 పేర్లు దాచే ఐడీ3 ట్యాగ్‌లో 2.3 వెర్షన్‌కి అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతులు రెండే తెలుసు: లాటిన్-1, యూటీఎఫ్-16. యూటీఎఫ్-8 వచ్చింది 2.4లో. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తెలుగుని యూటీఎఫ్-8లో రాసి, పైన "ఇది లాటిన్-1" అని చీటీ అంటించాయి. చదివేవాడు చీటీని నమ్మితే తెలుగు అక్షరంలోని మూడు బైట్లూ మూడు వేరే గుర్తులైపోతాయి. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి ఆ గీత పెట్టిన 'ఏ' మళ్లీ మళ్లీ కనబడుతుంది. అదే రోగలక్షణం.

మందు తేలికే. పాడైన మాటని మళ్లీ బైట్లుగా మార్చి, యూటీఎఫ్-8గా చదవాలి. మేం పేరు చదవడానికీ, బైట్లుగా తిప్పడానికీ లాటిన్-1కి దగ్గరగా ఉండే విండోస్-1252 పద్ధతి వాడాం. అచ్చులు, హల్లులు చాలావరకు బాగుపడ్డాయి. వత్తులు మాత్రం ఒక్కటీ రాలేదు. "అన్నమయ్య" అన్న చోట పొల్లు ఉండాల్సిన దగ్గరల్లా నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. పది రోజులు ఫాంట్‌ని అనుమానించాం, కంపోజ్‌ని అనుమానించాం, ఒక రాత్రి ఫోన్‌ని కూడా. చివరికి బైట్లని నంబర్లుగా చూపే హెక్సా ఎడిటర్‌లో ఫైలు తెరిచి బైట్లు ఒక్కోటీ చూస్తే దొరికింది. తెలుగు పొల్లుకి యూటీఎఫ్-8లో మూడో బైటు 8డీ. విండోస్-1252లో అయిదు గళ్లు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. పొల్లు సరిగ్గా ఆ ఖాళీలో పడి మాయమవుతోంది. అసలైన లాటిన్-1 పెట్టాక అన్నమయ్య ఒక్కసారిగా అన్నమయ్య అయ్యాడు. ఆ రోజు మే 9. ఈ ఎనిమిది నెలల్లో నిజంగా సంతోషమేసిన రోజు ఏదంటే అదే చెబుతా.

ఒక జాగ్రత్త: ప్రతి పేరునీ ఇలా తిప్పకండి. తిప్పిన బైట్లు తప్పుల్లేని యూటీఎఫ్-8 అయి, అందులో తెలుగు అక్షరాలు కనిపిస్తేనే మార్చాలి. ఫైలులో ఉన్న ట్యాగ్‌ని ముట్టుకోకుండా తెరమీద చూపేది మాత్రమే మార్చాం. జనం ఫైళ్లలో చేయి పెట్టే హక్కు మనకి లేదు.

వెతుకులాట పని కూడా అదే వారం చేశాం. తెలుగు పాటల పేర్లు సగం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. "నువ్వు"ని కొందరు ఒక 'వీ'తో, కొందరు రెంటితో, ఇంకొందరు 'డబ్ల్యూ'తో రాస్తారు. రెండు 'ఈ'లని 'ఐ'గా, రెండు 'ఓ'లని 'యూ'గా మార్చి, ఆ తర్వాత జంట అక్షరాల్ని ఒకటి చేసి, 'టీ', 'డీ'ల తర్వాత వచ్చే 'హెచ్' తీసేసి, 'డబ్ల్యూ'ని 'వీ' చేసి పోల్చాం. వరస ముఖ్యం. జంటల్ని ముందే ఒకటి చేస్తే రెండు 'ఈ'లు ఒక 'ఈ' అయిపోయి "నీ" కాస్తా "నె" అవుతుంది.

సీక్ బార్

పాటలో ముందుకీ వెనక్కీ జరిపే గీత. చూడ్డానికి నాలుగు డీపీల మందం. తగిలే చోటు మాత్రం 48 డీపీ ఎత్తు ఉండాలి, లేకపోతే బస్సులో నిలబడి ఎవరూ పట్టుకోలేరు.

మొదటి వెర్షన్‌లో వేలు కదిలినప్పుడల్లా ప్లేయర్‌కి "ఇక్కడికి వెళ్లు" అని చెప్పాం. ఒక్క లాగుడుకి ముప్పై నలభై ఆజ్ఞలు వెళ్లి, పాట గరగరమంది. వేలు కదులుతున్నంతసేపూ ఆ విలువని పక్కన దాచుకుని, వేలు తీశాకే ఒక్కసారి పంపాలి. అలా మార్చాక ఇంకో తమాషా: వేలు తీయగానే గుండు పాత చోటికి గెంతి, మళ్లీ కొత్త చోటికి వస్తుంది. ప్లేయర్ కొత్త స్థానాన్ని చెప్పేలోపు మనం దాచుకున్న విలువని వదిలేయడమే దానికి కారణం. ప్లేయర్ చెప్పేదాకా పట్టుకుని ఉంటే గెంతడం ఆగింది.

గీతని స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి గీశాడు డిజైనర్. పాట మొదట్లో గుండు ఎడమ అంచున ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే ఆండ్రాయిడ్ వెనక్కి వెళ్లే సైగ అనుకుని స్క్రీన్ మూసేస్తుంది. ఫలానా చోట నీ సైగ వద్దని సిస్టమ్‌కి చెప్పే వీలుంది, ఒక్కో అంచుకి 200 డీపీల ఎత్తు వరకే. మేం ఆ జోలికి పోకుండా గీతని రెండు వైపులా 32 డీపీ లోపలికి లాగాం. మినీ ప్లేయర్‌ని పైకి లాగి తెరిచే సైగ కూడా హోమ్ సైగతో కొట్లాడింది. దాన్ని నావిగేషన్ బార్ ఎత్తుకి పైన కూర్చోబెట్టి, లాగడంతో పాటు నొక్కినా తెరుచుకునేలా చేశాం.

గీత మీద నిమిషాలు తప్పు వస్తున్నాయని వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నిటికి డిజైన్‌తో సంబంధమే లేదు. బిట్‌రేట్ (సెకను పాటకి పట్టే డేటా) మారుతూ ఉండే ఎంపీ3లో ముందు ఉండాల్సిన సూచిక లేకపోతే, పాట ఎంత పొడవో ప్లేయర్ అంచనా వేస్తుంది. మేం పాట వినిపించడానికి వాడే ఎక్సోప్లేయర్ లైబ్రరీలో ఇండెక్స్ సీకింగ్ అని ఒక ఫ్లాగ్ ఉంది. అది పెడితే సమయం సరిగ్గా వస్తుంది. కాకపోతే ఫైలుని అక్కడిదాకా చదువుకుంటూ వెళ్తుంది కాబట్టి రెండు గంటల హరికథ ఫైలులో చివరికి వెళ్లాలంటే కాసేపు ఆగాలి.

మన చేతిలో లేని స్క్రీన్

ఆండ్రాయిడ్ 13 నుంచి పాట నోటిఫికేషన్‌ని సిస్టమే గీస్తుంది. యాప్ సిస్టమ్‌తో పాట గురించి మాట్లాడే దారి మీడియా సెషన్. అందులో ఏ పనులు చేయొచ్చని మనం చెబితే వాటినిబట్టి బటన్లు పెడుతుంది. మొత్తం అయిదు చోట్లు, ముడిచినప్పుడు మూడు. ప్లే, వెనక, ముందు పోగా మనకి మిగిలేవి రెండు. డిజైన్‌లో ఇష్టం గుర్తు, షఫుల్, స్లీప్ టైమర్, మూసివేత నాలుగూ ఉన్నాయి. డ్రైవరుగారినీ, టైలరింగ్ ఆవిడనీ మళ్లీ అడిగితే ఇద్దరూ షఫుల్ అన్నారు. రెండోది ఇష్టం గుర్తు పెట్టాం.

ఒక మంచి కబురు కూడా దొరికింది. నోటిఫికేషన్ల అనుమతి అడగడానికి ఒక స్క్రీన్ మొత్తం గీయించాం. తీరా చూస్తే మీడియా సెషన్‌కి కట్టిన నోటిఫికేషన్‌కి ఆ అనుమతి అక్కర్లేదు. నాలుగు వేలు పెట్టి గీయించిన స్క్రీన్‌ని తీసేస్తుంటే బాధతో పాటు హాయిగానూ అనిపించింది. ఇప్పుడు యాప్ అడిగేది ఒక్కటే, ఆడియో ఫైళ్లు చదివే అనుమతి.

పాత ఫోన్, పెద్ద అక్షరాలు, కళ్లు మూసుకుని వినడం

జూన్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్లు రెండు కొన్నాం, కలిపి 7,200. ఒకటి 2 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 8. అందులో మూడు వేల పాటల జాబితా కదిలిస్తే ఎడ్లబండి. రెండు వారాలు కోడ్ అటూ ఇటూ మార్చాక తెలిసింది, మేం చూస్తున్నది తప్పులు వెతకడానికి కట్టే డీబగ్ బిల్డ్ అని. కంపోజ్ డీబగ్‌లో చాలా నెమ్మది. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్ చేసి, ఏ కోడ్‌ని ముందే సిద్ధం చేసుకోవాలో ఫోన్‌కి చెప్పే బేస్‌లైన్ ప్రొఫైల్ జతచేస్తే బండి దారిన పడింది. ఆ రెండు వారాలూ తిరిగి రావు. నిజంగా ఉన్న లోపం ఒకటే: పాట ఎంత దూరం వచ్చిందన్న విలువని స్క్రీన్ పైమెట్టులో చదవడం వల్ల సెకనుకి అయిదుసార్లు స్క్రీన్ మొత్తం మళ్లీ తయారవుతోంది. గీత గీసే చోట మాత్రమే చదివేలా దించితే ఫోన్ వేడెక్కడం కూడా తగ్గింది.

ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు 200 శాతం దాకా పెంచుకోవచ్చు. టీచరుగారి ఫోన్ అలాగే ఉంది. అక్కడ నౌ ప్లేయింగ్‌లో కవర్, పేరు, బటన్లు మూడూ పట్టవు. స్క్రోల్ పెడితే ప్లే బటన్ కిందికి పోతుంది. అక్షరాలు పెరిగేకొద్దీ కవర్ చిన్నదయ్యేలా చేశాం. బొమ్మ లేకపోయినా పాట నడుస్తుంది, బటన్ లేకపోతే పాటని ఆపలేం కాబట్టి!

చూపు లేనివాళ్లకి స్క్రీన్‌ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ మా సీక్ బార్‌ని "37 శాతం" అని చదివింది. ఎవరికి పనికొస్తుంది? "2 నిమిషాల 14 సెకన్లు" అని చదివేలా మార్చాం. మార్చగానే ఆ గీత మీద ఉన్నంతసేపూ ప్రతి సెకనూ చదువుతూ పాటని వినబడనివ్వలేదు. పాట నడుస్తున్నప్పుడు ఆ వర్ణనని ఊరికే మార్చకుండా, వేలు పెట్టినప్పుడూ జరిపినప్పుడూ మాత్రమే కొత్తది ఇచ్చాం.

విడుదల

జూలై 5 నుంచి పదిహేనుమందితో, మేం ఎంచుకున్న వాళ్లకే యాప్ ఇచ్చే క్లోజ్డ్ టెస్టింగ్ నాలుగు వారాలు. ప్లే స్టోరులో మాది పాత డెవలపర్ ఖాతా, మాకు ఇది నిర్బంధం కాదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది వరసగా 14 రోజులు టెస్ట్ చేయాల్సిందే. 2024 డిసెంబర్ దాకా ఆ సంఖ్య 20. ఆ రోజుల్ని ముందే లెక్కలో వేసుకోండి.

ఆగస్టు 4న ప్లే స్టోరుకి పంపాం. మూడు రోజులకి తిరస్కరణ. పాట వెనక నడవడానికి వాడే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ ఎందుకో చూపిస్తూ వీడియో ఇవ్వాలి. మేం ఇచ్చిన వీడియోలో యాప్ తెరిచి పాట పెట్టడం ఉంది, యాప్ నుంచి బయటికి వచ్చాక పాట సాగడం లేదు. నలభై సెకన్ల వీడియో మళ్లీ తీసి, హోమ్‌కి వెళ్లి, స్క్రీన్ ఆర్పి, లాక్ స్క్రీన్ నుంచి పాట ఆపడం చూపించాం. 11న పంపితే 13న ఒప్పుకున్నారు. ఆ రెండు రోజులూ తిండి సయించలేదు, 31 గడువు నెత్తిమీద ఉంది.

మొదట 5 శాతం మందికి, 19న 20 శాతానికి. ఆ రాత్రే మొదలైంది. "నా పాటలన్నీ పోయాయి." "పాటలు డిలీట్ చేసేశారు." "పాత యాప్ ఇచ్చేయండి." రెండు రోజుల్లో ఒక స్టార్ రేటింగులు 23.

పాటలు ఎక్కడికీ పోలేదు. పాత యాప్ తెరవగానే ఫోల్డర్లు వచ్చేవి. కొత్తదాంట్లో "ఇటీవల విన్నవి" వస్తోంది, అప్‌డేట్ అయినవాళ్లకి అది ఖాళీ. ఖాళీ స్క్రీన్ చూసినవాళ్లు అంతకన్నా ఏమనుకుంటారు? జనవరిలో ఆరుగురి పక్కన కూర్చుని, నలుగురు ఫోల్డర్లలోకి వెళ్లడం కళ్లారా చూసి, నోట్సు రాసుకుని, మార్చిలో అందమైన బొమ్మ చూడగానే అదంతా మరిచిపోయాం. ఇంకోటి, షఫుల్ ఉండే చోట రిపీట్ పెట్టాం. చూడకుండా నొక్కే వేలికి ఐకాన్ మారిందని ఎవరు చెబుతారు? ఒకే పాట పొద్దంతా తిరిగిందని టిఫిన్ సెంటర్ ఆయన ఫోన్ చేసి మరీ చెప్పారు.

విడుదలని మధ్యలో ఆపొచ్చు. కానీ అప్పటికే అప్‌డేట్ అయినవాళ్లని పాత వెర్షన్‌కి తిప్పడం కుదరదు, ఎక్కువ నంబరుతో కొత్తది పంపాల్సిందే. ఆపి, పాతవాళ్లకి ఫోల్డర్లే మొదట తెరుచుకునేలా, షఫుల్ మళ్లీ ఎడమ చివరకి వచ్చేలా, కింది వరస ఐకాన్లకి పేర్లు తగిలించి 25న పంపాం. సెప్టెంబర్ 3కి అందరికీ చేరింది. ఒక స్టార్ ఇచ్చినవాళ్లలో తొమ్మిది మంది వెనక్కి వచ్చి మార్చారు.

చేతి నుంచి పెట్టిన ఖర్చు 43,200, టీలు కాక. దీని వెనకే ఇంకో గడువు వచ్చింది. ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేసిన యాప్‌లో నేటివ్ లైబ్రరీలు (సీ, సీ++ లాంటి భాషల్లో కట్టిన ముక్కలు) ఉంటే, ఫోన్ మెమరీని పంచే పేజీలు 16 కేబీ సైజున్నా అవి పనిచేయాలని, 2025 నవంబర్ 1 నుంచి. ఆడియో ఫైళ్లని విప్పే మా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ డీకోడర్ పాత ఎన్‌డీకేతో (అలాంటి ముక్కలు కట్టే పనిముట్లతో) కట్టింది. ఎన్‌డీకే ఆర్28 వెర్షన్‌తో మళ్లీ కడితే అదే సర్దుకుంది, ఒక సాయంత్రం పని.

డ్రైవరుగారు ఈమధ్య సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు. కారు స్టీరియోకి బ్లూటూత్‌లో కలిపితే పాట పేరు చోట డబ్బాలు వస్తున్నాయట. పేరు సరిగ్గానే వెళ్తోంది, ఆ స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదు. సెట్టింగుల్లో "కారుకి ఇంగ్లిష్ అక్షరాల్లో పంపు" అని ఒక స్విచ్ పెట్టి ఆయనకి టెస్ట్ బిల్డ్ పంపాం. డబ్బాలు పోయాయి. "స్విచ్ ఎక్కడుందో దొరకడానికి పావుగంట పట్టిందండీ" అన్నారు.